పదకొండో పాఠంలో నాలుగో బొమ్మ

గౌరవనీయులైన స్పానిష్ పంతులమ్మ గారికి,

పోస్టు పాఠాల విద్యార్థి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ, మా అక్కయ్యా క్షేమం. మీరు కూడా క్షేమమని, మీ ఎర్ర సిరా ఈపాటికి కాస్త తగ్గుముఖం పట్టి ఉంటుందని తలుస్తాను.

పదకొండో పాఠం అభ్యాసం పూర్తిచేసి ఈ కవర్లో పెట్టాను. మిగతా పాఠాల్లా కాకుండా ఇది నాకు తేలిగ్గా బుర్రకెక్కింది. ఫెయో అంటే అందవికారం. మగమనిషైతే ఫెయో, ఆడమనిషైతే ఫెయా. మగవి ఒకటికి మించి ఉంటే ఫెయోస్, ఆడవి ఒకటికి మించి ఉంటే ఫెయాస్. వాళ్ల భాషలో కుర్చీ ఆడదని చదివి వినిపిస్తే మా అక్కయ్య ఆశ్చర్యపోలేదు. "అవును మరి, ఇంటిల్లిపాదినీ మోసేది అదే కదరా" అంది.

మీరిచ్చిన నాలుగు బొమ్మలకీ నాలుగు వాక్యాలు ఇలా రాశాను.

ఎల్ ఓంబ్రె నో ఎస్ ఫెయో. మగమనిషి అందవికారంగా లేడు.
లాస్ సియాస్ నో సోన్ ఫెయాస్. కుర్చీలు అందవికారంగా లేవు.
లోస్ పెర్రోస్ నో సోన్ ఫెయోస్. కుక్కలు అందవికారంగా లేవు.
లా ముహెర్ నో ఎస్ ఫెయా. ఆడమనిషి అందవికారంగా లేదు.

దయచేసి తొందరగా దిద్ది పంపండి. నేను రేవు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేస్తాను. అంటే ఫోటోల్లో మొటిమలు, ముడతలు, కళ్ల కింద నీడలు సన్నకుంచెతో మాయం చేస్తాను. అందుకే అందరూ నన్ను కుంచె బాబాయి అంటారు. ఇప్పుడు మా ఓనరు ఆ పని చేసే కంప్యూటర్ కొంటున్నారు. "బాబాయ్, నీ గది తీసేస్తున్నా. స్పానిష్ వాళ్ల ఓడలు వచ్చే వేళకి సర్టిఫికెట్ తెచ్చుకున్నావంటే ముందు కౌంటర్లో కూర్చో. తేలేదంటే ఇంట్లో కూర్చో" అన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క పడకకుర్చీ మా అక్కయ్యది. కాబట్టి నాకు కౌంటరే గతి.

ఇట్లు,
మీ విధేయ విద్యార్థి,
కుంచె బాబాయి

తా.క. బొమ్మల్లో అక్కడక్కడా లోపాలు కనిపిస్తే సరిచేశాను. దానికి మీరు నాకేమీ ఇచ్చుకోనక్కర్లేదు.

*

కుంచె బాబాయి గారికి,

ఆశీస్సులు. మీ అభ్యాసం అందింది. అందాక నేను కాసేపు కిటికీ దగ్గర నిలబడి రావలసి వచ్చింది.

ముందుగా మంచి మాట చెబుతాను. ఫెయో ఉండాల్సిన చోట ఫెయో ఉంది, ఫెయాస్ ఉండాల్సిన చోట ఫెయాస్ ఉంది. వ్యాకరణంలో వేలు పెట్టడానికి లేదు. అయినా నాలుగూ తప్పే. మీకిచ్చింది బొమ్మల్ని చూసి, అవి ఎలా ఉన్నాయో రాయమని. మీరేం చేశారు? మగమనిషి ముక్కు మీది బుడిపె తీసేసి, వంకర పళ్లు వరస చేసి, నెత్తిన జుట్టు మొలిపించారు. విరిగిన కుర్చీకి నాలుగో కాలు అతికించారు. బక్కకుక్కలు ఏపుగా తయారయ్యాయి. ఆ తరవాత "అందవికారంగా లేవు" అని రాసుకున్నారు. ఎందుకుంటాయండీ మరి?

ఆడమనిషి సంగతి ఇంకా అన్యాయం. అక్కడ మీరు ఎంత సన్నగా పని చేశారంటే కుంచె ఎక్కడ తగిలిందో కూడా తెలియడం లేదు. కానీ మనిషి మారిపోయింది. ఆ బొమ్మ నాకు బాగా తెలుసు. అది అలా ఉండదు.

కొత్త కాగితం పంపుతున్నాను. బొమ్మల్ని ముట్టుకోవద్దు. మా బడి పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఒక పాఠంలో అన్ని వాక్యాలూ ఒప్పయితేనే తరవాతి పాఠం కవర్లో పడుతుంది. పన్నెండోది ఆఖరి పాఠం. దాని తరవాతే సర్టిఫికెట్.

ఇట్లు,
పంతులమ్మ,
పోస్టు పాఠాల శాఖ

తా.క. మీరు బాగుచేసిన మగమనిషిని మా ప్రిన్సిపాలు గారు చూశారు. చాలాసేపు చూశారు. కత్తెర అడిగి, ఆ బొమ్మ వరకు కత్తిరించుకుని తీసుకెళ్లారు. ఎందుకని అడిగితే, "ఊరికే" అన్నారు.

*

గౌరవనీయులైన పంతులమ్మ గారికి,

తప్పయిపోయింది. అలవాటైన పనిని చెయ్యి బుర్రతో చెప్పి చేయదు. పొద్దున్నే నా బల్ల మీద ఏ ముఖం కనిపించినా కుంచె నోట్లో తడుపుకుని మొదలుపెట్టేస్తాను. ఒకసారి కరెంటు బిల్లు మీద ఉన్న మంత్రి గారికి కూడా గడ్డం కింద కొవ్వు తగ్గించేశాను. అది కట్టడానికి వెళితే కౌంటర్లో ఆయన్ని గుర్తుపట్టలేదు.

నా గది సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. ఒకటే కిటికీ, ఉత్తరం వైపు. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఉంటుంది. గదికి అడ్డంగా కట్టిన తాడుకి నెగెటివ్‌లు వేలాడుతుంటాయి. అందులో అందరికీ నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు. గాలి వీచినప్పుడు నెమ్మదిగా ఇటు తిరుగుతారు, అటు తిరుగుతారు. మధ్యాహ్నం రేవులో ఓడ కూత వేస్తే నాకు కునుకు పడుతుంది. ఆ కునుకులో మీ పాఠంలో మగమనిషి వచ్చాడు. కొత్త ముక్కు తడుముకుంటూ స్టూలు మీద కూర్చుని, "బాబాయ్, ఇంట్లో వాళ్లు నన్ను లోపలికి రానివ్వడం లేదు, నువ్వెవరంటున్నారు" అన్నాడు. లేచాక మీ కోపం న్యాయమే అనిపించింది.

అందుకని ఈసారి కుంచె మా అక్కయ్య చేతికిచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. మగమనిషి ఫెయో. కుర్చీలు ఫెయాస్. కుక్కలు ఫెయోస్. రాస్తుంటే కుక్కలు నావైపే చూశాయి, అయినా రాశాను.

లా ముహెర్ నో ఎస్ ఫెయా.

ఈ పాఠం గట్టెక్కినట్టేనని తలుస్తాను. కంప్యూటర్ వచ్చేసింది. ఇంకా అట్టపెట్టెలోనే ఉంది గానీ, ఆ పెట్టెను నా గదిలోనే పెట్టారు.

ఇట్లు,
విధేయుడు,
కుంచె బాబాయి

తా.క. కుంచె తిరిగివ్వమంటే అక్కయ్య ఇవ్వడం లేదు. దానితో తలుపు బందులకి నూనె రాసింది.

*

కుంచె బాబాయి గారికి,

మొదటి మూడు వాక్యాలూ ఒప్పు. నాలుగోది మళ్లీ తప్పు.

మీరు నన్ను మోసం చేశారని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. కాబట్టి మీ చెయ్యి మిమ్మల్ని మోసం చేసిందని రాస్తున్నాను. మళ్లీ ఆ ఆడమనిషి బొమ్మను సరిచేశారు. భూతద్దం పెట్టి చూశాను. ప్రిన్సిపాలు గారికి చూపించాను. ఆయన, "ఇందులో పని కనిపించడం లేదు, మహానుభావుడు" అన్నారు. పని కనిపించకపోయినా ఫలితం కనిపిస్తోంది కదా. గడ్డం మీద పుట్టుమచ్చ ఉన్న చోటే ఉంది. ముందుకొచ్చిన పళ్లూ అలాగే ఉన్నాయి. ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి. అన్నీ అలాగే ఉండగా ఆవిడ ఎలా బాగుంటుంది? ఎక్కడో ఏదో చేశారు.

నేను ఈ పాఠం దిద్దడం ఇవాళ మొదలుపెట్టలేదు. ఇన్నేళ్లలో ప్రతి విద్యార్థీ ఆ బొమ్మ కింద ఒకే వాక్యం రాశారు. తప్పు రాసినవాళ్లు కూడా ఫెయా బదులు ఫెయో అని రాశారు తప్ప, "నో" తగిలించినవాళ్లు లేరు. మీకు మాత్రం ఏమొచ్చింది?

ఆ ఒక్క వాక్యం సరిచేసి పంపండి. మీ కౌంటరు నాకూ ముఖ్యమే.

ఇట్లు,
పంతులమ్మ

తా.క. ప్రిన్సిపాలు గారు ఆ మగమనిషి బొమ్మకి ఫ్రేము కట్టించారు. గదిలో తన కుర్చీ వెనకాల తగిలించారు. వచ్చినవాళ్లు ఎవరండీ అని అడిగితే నవ్వి ఊరుకుంటున్నారట.

*

గౌరవనీయులైన పంతులమ్మ గారికి,

ఎలా చెబితే నమ్ముతారో తెలియక రెండు రోజులు కలం నోట్లో పెట్టుకుని తిరిగాను. మా అక్కయ్య తోడు, నాలుగో బొమ్మను నేను ముట్టుకోలేదు. ఈసారే కాదు, మొదటిసారి కూడా.

నా పని ఏమిటో ఇంకొంచెం వివరంగా చెబుతాను. టచింగ్ అంటే కుంచె ఆడించడం అనుకుంటారు అందరూ. అది చివరి పని. అసలు పని వెతకడం. ఒక ముఖాన్ని ముందు పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తూ కూర్చోవాలి. ఏదో ఒక చోట ముఖం తనంతట తానే "ఇక్కడ" అంటుంది. మీ మగమనిషి అయితే ముక్కు దగ్గర కేకేసి పిలిచాడు. ఆ ఆడమనిషి ముందు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం ఓడ కూసేదాకా కూర్చున్నాను. పుట్టుమచ్చ చూశాను. పళ్లు చూశాను. ఎక్కడ కుంచె పెడదామన్నా, పెడితే అది ఆవిడ కాకుండా పోతుందనిపించింది. పక్క గదిలోంచి ఎవరో పిలిచారు, పిలిచింది తననేనా కాదా అని ఆగి వింటున్నట్టు ఉంటుంది ఆవిడ ముఖం. అలా వింటున్న మనిషిని నేను ఏమని సరిచేయను?

ఇంకో సంగతి. ఈ బొమ్మలన్నీ ఒకే చెయ్యి గీసింది. కానీ మిగతా మూడూ నవ్వుకుంటూ గీశారు. ఇది చూస్తూ గీశారు. ఎడమవైపు కిటికీ ఉంది, వెలుతురు అటునుంచే పడింది. ఎవరో నిజం మనిషిని ఎదురుగా కూర్చోపెట్టుకున్నారు. గీసినవారెవరో మీకు తెలిస్తే ఒక మాట చెప్పండి. చెయ్యి చాలా బాగుందని.

కంప్యూటర్ అట్టపెట్టెలోంచి బయటికొచ్చింది. నా స్టూలు హాల్లో, గొడుగుల పక్కన పెట్టారు. తాడు మీది నెగెటివ్‌లన్నీ దించి ఒక డబ్బాలో పడుకోపెట్టాను. సర్టిఫికెట్ లేకపోతే నేనూ ఆ డబ్బా పక్కకే. అది తెలిసే రాస్తున్నాను. నాలుగో వాక్యం అదే.

ఇట్లు,
కుంచె బాబాయి

తా.క. ఇంత విసిగించినందుకు ఒక ప్రాయశ్చిత్తం. మీ ఫోటో ఏదైనా ఉంటే పంపండి, ఊరికే టచింగ్ చేసిస్తాను. అక్కయ్య ఆ మాట విని, "ఒరే, ఆవిడ అడిగిందా" అంది. అడగలేదని నాకూ తెలుసు.

*

విద్యార్థి గారికి,

మీ ఉత్తరం అందింది. బొమ్మలు గీసినదెవరో బడి రికార్డుల్లో లేదు.

పాఠంలో ఉన్నది మనిషి కాదు, సిరా. సిరాకి అవమానం జరగదు. నొచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. మీకు అంత మొహమాటంగా ఉంటే ఆ బొమ్మను వదిలేయండి. మీరు చూసిన మరే ఆడమనిషి గురించైనా సరే, ఫెయా అని ఒక్క వాక్యం రాసి పంపండి. పేరు కూడా అక్కర్లేదు. ఒప్పు అని వేసి పన్నెండో పాఠం పంపేస్తాను. బడి పద్ధతిని ఇంతకు మించి వంచడం నా వల్ల కాదు. ఓడలొచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. మంకుపట్టు పట్టకండి.

ఇట్లు,
పంతులమ్మ

తా.క. నాకు ఫోటోలు దిగే అలవాటు లేదు.

*

గౌరవనీయులైన పంతులమ్మ గారికి,

మీ దయ మరిచిపోలేను. మీరు చెప్పినట్టే వెతికాను.

ముందు మా ఓనరు గారి అత్తగారిని అనుకున్నాను. ఆవిడ నన్ను గొడుగుల పక్కన కూర్చోపెట్టించిన మనిషి. కానీ ఆవిడ రసీదు పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతుంటే చూశాను, చిన్నపిల్లలా మూతి ముడిచింది. ఆ వాక్యం పోయింది. తరవాత డబ్బాలో నెగెటివ్‌లు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూశాను. నేను మచ్చలు తీసేసినవాళ్లంతా అందులో ఉన్నారు, మచ్చలతో సహా. బయట మంచు కమ్మి రేవు కనిపించడం లేదు. హాలంతా తెల్లగా, చడీ చప్పుడూ లేకుండా ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. వాళ్లంతా నా చుట్టూ స్టూళ్లు వేసుకుని కూర్చున్నట్టు, ఎవరూ తొందరపడనట్టు అనిపించింది. ఫెయా అనదగ్గ మనిషి ఒక్కరూ దొరకలేదు. ఇన్నాళ్లూ నేను ఏం సరిచేశానో అని బెంగ పట్టుకుంది.

అందుకని అభ్యాసం ఖాళీగా పంపుతున్నాను. నాకు పన్నెండో పాఠం రాసిపెట్టి లేదు. కౌంటర్ ఇంకెవరికైనా ఇవ్వమని ఓనరు గారికి చెప్పేస్తాను. బాధగానే ఉంది. ఆ కౌంటర్ మీద మోచేతులు పెట్టుకుని స్పానిష్ వాళ్లకి దండం పెట్టి పలకరించాలని అద్దం ముందు ఎంతో సాధన చేశాను.

ఒక్క కోరిక. నేను పంపిన కాగితాల్లో ఆ నాలుగో బొమ్మ ఉన్న ముక్క ఏదైనా మీకు పనికిరానిది ఉంటే ఇప్పించండి. ప్రిన్సిపాలు గారికి ఇచ్చారు కదా.

ఇట్లు,
కుంచె బాబాయి

తా.క. ఇదంతా విని అక్కయ్య, "పోనీ నా గురించి రాసెయ్యరా, నేనేం అనుకోను" అంది. పళ్లెం పక్కన పెట్టి ఆవిడ ముఖం చూశాను. ఎప్పుడూ అలా చూడలేదేమో, సిగ్గుపడి లోపలికెళ్లిపోయింది. కుంచె కూడా తిరిగిచ్చేసింది.

*

కుంచె బాబాయి గారికి,

నమస్కారం. ఈసారి ఆశీస్సులు రాయబుద్ధి కాలేదు.

మీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం బడిలో ఎవరూ లేరు. నా గది మేడ మీద. ఎదురింటివాళ్లు దుప్పట్లు ఆరేస్తారు. గాలికి అవి ఉబ్బినప్పుడు గది మొత్తం ఎటో బయల్దేరినట్టుంటుంది. మీకు పంపడానికి ఆ బొమ్మ ముక్క కత్తిరిద్దామని తీశాను. కత్తిరించే ముందు ఎందుకో బీరువాలోంచి ఎవరూ ముట్టని కొత్త కాగితం ఒకటి తెచ్చి, మీ కాగితం మీద పెట్టి, రెండింటినీ కిటికీ అద్దానికి ఆనించాను. మీరు దొంగతనంగా ఎక్కడ కుంచె పెట్టారో ఇప్పుడు దొరుకుతారనుకున్నాను. గీతకి గీత సరిపోయింది. మీ మొదటి కాగితం కూడా అలాగే పెట్టి చూశాను. అదీ అంతే. మీరు నిజంగానే ముట్టుకోలేదు.

మరి నాకు ఆవిడ వేరేగా ఎందుకు కనిపించిందో అని అక్కడే నిలబడి ఆలోచించాను. కింద మీరు రాసిన వాక్యం ఉంది. అంతకు మించి తేడా ఏమీ లేదు.

ఈ బడిలో నేను కొత్తగా చేరినప్పుడు పాఠాలకి బొమ్మలు కావాలన్నారు. నాకు కాస్త గీయడం వచ్చు. మగమనిషిని, కుర్చీల్ని, కుక్కల్ని నవ్వుకుంటూనే గీశాను, మీరు చెప్పింది నిజం. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి ఎవర్ని గీయాలా అని వెతుక్కోవాల్సిన పని లేదనిపించింది. గోడకున్న అద్దం దించి, కిటికీకి కుడిపక్కన పెట్టుకుని, దాని ఎదురుగా కూర్చున్నాను.

అప్పట్నుంచి ఎంతమంది విద్యార్థులు, ఎన్ని ఊళ్ల నుంచి, ఆ బొమ్మ కింద "లా ముహెర్ ఎస్ ఫెయా" అని చక్కటి దస్తూరితో రాసి పంపారో. ప్రతి ఒక్కదానికీ నేనే ఒప్పు అని టిక్కు పెట్టాను. ఇన్నేళ్లూ పెడుతూనే ఉన్నాను. "నో" తగిలించి తప్పు రాసింది మీరొక్కరే.

మీ కాగితం మీద కొట్టిన ఎర్ర ఇంటూ గుర్తుని ఎలా తీసేయాలో నాకు తెలియలేదు. అది మీ విద్య. అందుకే దాని పక్కనే టిక్కు పెట్టి సంతకం చేశాను. పన్నెండో పాఠం ఇందులోనే ఉంది. అది పలకరింపుల పాఠం. మీరు అద్దం ముందు సాధన చేశారు కాబట్టి కష్టపడరు. వెంటనే రాసి పంపితే ఓడల కన్నా ముందే సర్టిఫికెట్ అందుతుంది. బొమ్మ ముక్క మాత్రం ఇవ్వలేను. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

ఇట్లు,
మీ పంతులమ్మ

తా.క. ఇంకెవరితోనూ అనకండి, ఆ మగమనిషి మా ప్రిన్సిపాలు గారే. పాపం ఆయనకి తెలియదు. మొన్న ఫ్రేము చూపించి, "ఈయన ఎవరో గానీ పంతులమ్మ గారూ, నాకు బాగా కావలసినవాడిలా అనిపిస్తాడు" అన్నారు.

మరొక తా.క. మీరు కౌంటర్లో కూర్చున్నాక ఒక రోజు మీ స్టూడియోకి వస్తాను, ఫోటో దిగడానికి. ఆ రోజుకి కుంచె మీ అక్కయ్య గారికిచ్చి రండి.